మబ్బు ఫోటో కూడా చదువే



పిల్లల చేతిలో ఫోన్ కనిపిస్తే చాలు, ఇంట్లో గొడవ మొదలవుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మీలో ఎక్కువమంది మాతో చెప్పే మాట ఇదే. ఫోన్ పూర్తిగా మాన్పించడం మీ వల్లా కాదు, మా వల్లా కాదు. అందుకే అదే ఫోన్‌తో రోజుకు ఐదు నిమిషాల్లో చేయగల ఒక మంచి పని గురించి ఈ నెల రాస్తున్నాను. దీనికి ట్యూషన్ అక్కర్లేదు, ఫీజు లేదు. సాయంత్రం మిద్దె ఎక్కి ఆకాశంలో ఉన్న మబ్బును ఒక ఫోటో తీయాలి. అది ఏ రకం మబ్బో చూసి పేరు రాయాలి. ఆ ఫోటోను ఇంకొకరితో పంచుకోవాలి. అంతే.

వినడానికి ఆటలా ఉంటుంది. కానీ వందకు పైగా దేశాల్లో వేలాదిమంది ఈ పనే చేస్తున్నారు. వాళ్లలో చాలామంది మనలాంటి మామూలు మనుషులే. వాళ్లు తీసిన ఫోటోల వల్ల ప్రపంచ వాతావరణ గ్రంథంలో ఒక కొత్త పేరు చేరింది. ఆ సంగతి ముందు చెప్పి, వానకు ముఖం వాచిన మన రాయచోటి ప్రాంతపు పిల్లలకు ఈ అలవాటు ఎందుకు అవసరమో తర్వాత చెప్తాను.

మబ్బులకు పేర్లు ఎవరు పెట్టారు?

మొక్కలకు, జంతువులకు శాస్త్రవేత్తలు ఎప్పుడో పేర్లు పెట్టారు. మబ్బు మాత్రం నిమిషానికో ఆకారంలో మారిపోతుంది కదా, దానికి పేరేమిటని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1802 డిసెంబరులో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే ఆయన ఒక చిన్న సభలో మబ్బుల గురించి ప్రసంగించారు. ఆయన వృత్తి మందుల తయారీ. మబ్బులు చూడటం ఆయనకు చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం. ఎన్ని ఆకారాలు మారినా మబ్బులు కొన్ని రకాలకే చెందుతాయని ఆయన చెప్పి, వాటికి లాటిన్ పేర్లు పెట్టారు. క్యుములస్ అంటే కుప్ప. స్ట్రాటస్ అంటే పొర. సిర్రస్ అంటే వెంట్రుకల పాయ. నింబస్ అంటే వాన మబ్బు. ఈ మాటలను అటూ ఇటూ కలిపి, కొన్ని చేర్చి, ఇప్పుడు మబ్బులను పది ముఖ్యమైన రకాలుగా చెప్తున్నారు.

మరి లండన్ ఆకాశాన్ని చూసి పెట్టిన పేర్లు మిగతా దేశాలకు సరిపోతాయా? ఈ సందేహం తీర్చడానికి కెమెరానే సాయం చేసింది. 1880ల్లో రాల్ఫ్ అబర్‌క్రాంబీ అనే ఆయన మబ్బులను గమనిస్తూ, ఫోటోలు తీస్తూ రెండుసార్లు ప్రపంచం చుట్టి వచ్చారు. ఎక్కడికి వెళ్లినా అవే రకాల మబ్బులు కనిపించాయి. తర్వాత వేర్వేరు దేశాల శాస్త్రవేత్తలు కలిసి 1896లో మొదటి అంతర్జాతీయ మేఘాల అట్లాస్ వేశారు. ఒక దేశంలోని మనిషి ‘క్యుములస్’ అంటే ఇంకో దేశంలోని మనిషికి అదే బొమ్మ మనసులోకి రావాలన్నదే దాని ఉద్దేశం. మాట ఒక్కటే ఉంటే అది జరగదు, పక్కన ఫోటో ఉండాలి. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో కనిపించే మబ్బుల పేర్ల వెనక ఇంత కథ ఉంది.

ఫోటోలు తెచ్చిన కొత్త పేరు

2005లో ఇంగ్లండ్‌లో గావిన్ ప్రెటర్-పిన్నీ అనే రచయిత ‘క్లౌడ్ అప్రిసియేషన్ సొసైటీ’ అనే సంఘం మొదలుపెట్టారు. తెలుగులో చెప్పాలంటే మబ్బుల అభిమానుల సంఘం. మబ్బు పట్టిందంటే రోజు పాడైందని అక్కడివాళ్లు విసుక్కుంటారు. నీలాకాశం ఒక్కటే అందం కాదు, మబ్బులు కూడా చూడదగ్గవేనని చెప్పడానికే ఈ సంఘం పుట్టింది. సభ్యులు తమ ఊళ్లో కనిపించిన మబ్బులను ఫోటో తీసి పంపడం, వాటిని అందరూ చూడటం అక్కడ ముఖ్యమైన పని. ఇప్పుడు దానికి వందకు పైగా దేశాల్లో యాభై వేలకు మించి సభ్యులున్నారు.

2006లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, సెడార్ ర్యాపిడ్స్ పట్టణంలో ఒక విచిత్రమైన మబ్బు కనిపించింది. సముద్రంలోకి మునిగి కింది నుంచి పైకి చూస్తే అలలు ఎలా కనిపిస్తాయో అలా ఉంది ఆ మబ్బు అడుగుభాగం. ఆ ఫోటో ఈ సంఘానికి చేరింది. ఇలాంటివే ఇతర దేశాల నుంచి కూడా వచ్చాయి. ఇవి పాత పేర్లలో దేనికీ సరిగ్గా సరిపోవడం లేదని, దీనికి వేరే పేరు కావాలని సంఘం అడగడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు సభ్యులు పంపిన ఫోటోలను, అవి తీసిన చోటును, సమయాన్ని తీసుకుని, అప్పటి వాతావరణ వివరాలతో పోల్చి చూశారు. చివరికి 2017 మార్చిలో ప్రపంచ వాతావరణ సంస్థ కొత్త అట్లాస్ విడుదల చేసినప్పుడు అందులో ‘ఆస్పెరిటాస్’ అనే పేరు చేరింది. లాటిన్‌లో దానికి గరుకుదనం అని అర్థం.

ఇక్కడ పిల్లలకు చెప్పాల్సిన పాఠం ఒకటుంది. ఆ ఫోటోలు అందంగా ఉన్నందుకే పనికి రాలేదు. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అనే వివరం పక్కన ఉంది కాబట్టి పనికొచ్చాయి. చోటు, తేదీ, సమయం ఉన్న ఫోటో ఒక సాక్ష్యం. అవి లేనిది వాల్‌పేపర్ మాత్రమే.

శాటిలైట్లు ఉండగా మన ఫోటోలెందుకు అని మీకు అనిపించవచ్చు. శాటిలైట్ పైనుంచి చూస్తుంది, మబ్బు నెత్తి కనిపిస్తుంది గానీ అడుగు కనిపించదు. పైన ఒక పొర ఉంటే దాని కింద ఉన్న చిన్న మబ్బులు చాలాసార్లు దానికి దొరకవు. అందుకే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ‘గ్లోబ్ అబ్జర్వర్’ అనే యాప్ ద్వారా మామూలు జనం నేల మీద నుంచి తీసిన మబ్బుల ఫోటోలను తీసుకుని, శాటిలైట్ చూసినదానితో పోల్చుకుంటోంది.

మన దగ్గరా ఆకాశాన్ని గమనించేవాళ్లున్నారు. తిరుపతి దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి పెద్ద రాడార్‌తో మన తల మీది గాలి కదలికలను చదువుతారు. ఇక తిరుపతికి చెందిన సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేరుతో సోషల్ మీడియాలో రైతులకు అర్థమయ్యేలా వాతావరణం చెప్తూ పేరు తెచ్చుకున్నారు. 2021 జులైలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆయన గురించి మాట్లాడారు. ఉద్యోగం వేరు, ఇష్టం వేరు. ఇష్టంగా చేసిన పని పదిమందికి ఉపయోగపడింది.

మబ్బు పట్టినా వాన రాదెందుకు?

మా క్లాసులో పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. ఇంట్లో మిమ్మల్నీ అడుగుతారు కాబట్టి జవాబు కొంచెం వివరంగా రాస్తున్నాను.

జూన్‌లో నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి వస్తాయి. పడమటి కనుమలు వాటికి అడ్డుగా నిలబడతాయి. గాలి కొండ ఎక్కేటప్పుడు చల్లబడి అక్కడే కుండపోతగా కురుస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి సగటున 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. కొండ దిగి ఇటు వచ్చేసరికి ఆ గాలి వేడెక్కి ఆరిపోతుంది. అందుకే అనంతపురంలో ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్లే. మన రాయలసీమను వర్షచ్ఛాయా ప్రాంతం అనడానికి కారణం ఇదే. మబ్బులు మన మీదుగా వెళ్తూనే ఉంటాయి, కురవాల్సినదంతా దారిలోనే కురిసేసి ఉంటాయి.

రెండో కారణం మబ్బు లోపలే ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో కిలోమీటరు ఉన్న దూదికుప్ప మబ్బులో దాదాపు 500 టన్నుల నీళ్లుంటాయి. అన్ని నీళ్లుండి కింద పడవేం? ఎందుకంటే ఆ నీళ్లన్నీ కంటికి కనపడనంత సన్నని తుంపరలుగా ఉంటాయి. ఒక వాన చినుకు తయారు కావాలంటే అలాంటి తుంపరలు దాదాపు పది లక్షలు కలవాలి. పలచని మబ్బులో అవి కలిసేలోపే మబ్బు ఆరిపోతుంది. కొన్నిసార్లు చినుకులు బయలుదేరినా, కింద గాలి పొడిగా ఉంటే నేలను చేరకముందే ఆవిరైపోతాయి. దూరం నుంచి చూస్తే మబ్బు కింద బూడిదరంగు తెరలు వేలాడుతూ మధ్యలోనే ఆగిపోయినట్టు కనిపిస్తాయి. దీన్ని విర్గా అంటారు. మే నెల సాయంత్రాల్లో గుట్టల వైపు చూస్తే మన పిల్లలకు ఇది తేలిగ్గా దొరుకుతుంది. సముద్రం పక్కన పెరిగే పిల్లలకంటే మన పిల్లలకే ఈ ఫోటో తీసే అవకాశం ఎక్కువ.

అలాగని మన మబ్బులను తక్కువగా చూడటానికి లేదు. 2021 నవంబరులో బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండం వల్ల కురిసిన వానలకు చెయ్యేరు పొంగి, 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి, ఎందరో ప్రాణాలు కోల్పోయారు. మన కరువు సీమలోనే అది జరిగింది. ఏ మబ్బు ఉత్తిదో, ఏ మబ్బు మంచిదో, ఏ మబ్బు ప్రమాదమో కనీసం కొంతైనా తెలియడం మన పిల్లలకు జనరల్ నాలెడ్జ్ కంటే పెద్ద అవసరం.

అవ్వాతాతల దగ్గర ఉన్న చదువు

గాలివీడు, సంబేపల్లె, చిన్నమండెం, లక్కిరెడ్డిపల్లె వైపు నుంచి వచ్చే మన పిల్లల ఇళ్లలో సేద్యం చేసిన పెద్దవాళ్లున్నారు. వాళ్లకు లాటిన్ పేర్లు తెలియవు. కానీ మోడం పట్టిందంటే ఏమిటో, ఏ కార్తెలో ఏ వైపు మెరిస్తే వాన వస్తుందో తెలుసు. ఏడాదిని 27 కార్తెలుగా విభజించుకుని విత్తనం వేసినవాళ్లు వాళ్లు. ఈ చదువు ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. మనవళ్లు అడగకపోతే వాళ్లతోనే పోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. చంద్రుడి చుట్టూ వలయం కనిపిస్తే వరదగుడి కట్టిందంటారు. ‘గుడి దూరమైతే వాన దగ్గర, గుడి దగ్గరైతే వాన దూరం’ అని పెద్దల మాట. ఇందులో సైన్స్ ఉంది. బాగా ఎత్తులో మంచు పలుకులతో నిండిన పలచని పొర మబ్బు, అంటే సిర్రోస్ట్రాటస్ ఉన్నప్పుడు పెద్ద వలయం ఏర్పడుతుంది. చెయ్యి చాచి జేన పట్టి చూడండి. చంద్రుడి మీద బొటనవేలు పెడితే చిటికెనవేలు సుమారుగా వలయం దగ్గరికి చేరుతుంది. ఆ మంచు పలుకులు కాంతిని 22 డిగ్రీల దగ్గర వంచడమే అందుకు కారణం. వాయుగుండాలు, పెద్ద ఉరుముల మబ్బులు వచ్చే ముందు ఇలాంటి పొర ముందుగా పరుచుకుంటూ రావచ్చు. అంటే దూరపు గుడి కడితే వాన దగ్గరికి వస్తుండవచ్చు. చంద్రుడికి అంటుకున్నట్టు చిన్నగా కనిపించే రంగుల వలయం వేరు. అది నీటి తుంపరలున్న పలచని మబ్బు వల్ల వస్తుంది, దాని వెనక వాన ఉండాలని లేదు. ఈ మాట ప్రతిసారీ నిజం కాదు. ఎన్నిసార్లు నిజమైందో మీ పిల్లలు ఫోటోలు తీసి, తేదీలు రాసి లెక్క తేల్చవచ్చు. అవ్వ మాటను నమ్మడం, కొట్టిపారేయడం కాకుండా పరీక్షించి చూడటం నేర్చుకుంటారు. సైన్స్ అంటే ఇదే.

కువైట్‌లో ఉన్న నాన్నకు ఒక మబ్బు

మన స్కూల్లో చాలామంది పిల్లల నాన్నలు, కొందరి అమ్మలు కువైట్‌లో ఉన్నారు. వీడియో కాల్‌లో ‘తిన్నావా, బాగా చదువుతున్నావా’ అన్న రెండు మాటల తర్వాత ఏం మాట్లాడాలో ఇటూ అటూ తోచదని పిల్లలు చెప్తుంటారు. అలాంటి ఇళ్లలో ఇది మొదలుపెట్టమని నా మనవి. ఇక్కడి నుంచి బిడ్డ ఒక ఆకాశం పంపాలి, అక్కడి నుంచి నాన్న ఒక ఆకాశం పంపాలి.

రెండూ పక్కపక్కన పెడితే చాలా సంగతులు తెలుస్తాయి. కువైట్‌లో ఏడాదికి పడే వాన సుమారు 110 మిల్లీమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ దాదాపు వానే ఉండదు. ఎడారి మీద గాలి పైనుంచి కిందికి దిగుతూ ఉండటంతో మబ్బు పుట్టడం కష్టం. దుమ్ము గాలి లేచిన రోజు ఆకాశం పసుపురంగుకు తిరుగుతుంది. అదే సమయంలో ఇక్కడ మన మీదుగా రుతుపవన మబ్బులు పోతుంటాయి. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి మనకు ఈశాన్య రుతుపవనాలు, వాళ్లకు చలికాలపు వానల మొదలు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ సాయంత్రం ఆరింటికి తీసిన ఫోటో చేరేసరికి అక్కడ మధ్యాహ్నం మూడున్నర. భూగోళశాస్త్రంలో టైమ్ జోన్ పాఠం బోర్డు మీద ఎంత చెప్పినా ఇంత బాగా ఎక్కదు. వేల మైళ్ల దూరంలో ఉన్న నాన్న తనలాగే తల ఎత్తి చూశాడన్న సంగతి కూడా బిడ్డకు తెలుస్తుంది. దాన్ని మార్కుల్లో లెక్కకట్టలేం.

గుర్తుపట్టడానికి ఐదు మబ్బులు

పది రకాలూ ఒకేసారి అక్కర్లేదు. మన ఆకాశంలో తరచుగా కనిపించే ఈ ఐదింటితో మొదలుపెట్టండి.

1. క్యుములస్: దూదికుప్పలు. అడుగు చదునుగా, పైభాగం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఎండ ఎక్కాక పుడుతుంది. చిన్నగా ఉన్నంతవరకు వాన ఉండదు.

2. క్యుములోనింబస్: ఉరుములు, మెరుపుల మబ్బు. అదే దూదికుప్ప పెరిగి పెరిగి కొండంత అవుతుంది. మన ప్రాంతంలో 15 కిలోమీటర్ల ఎత్తు దాకా పోగలదు. నెత్తి చదునుగా పరుచుకుంటే బాగా ముదిరిందని గుర్తు.

3. సిర్రస్: చాలా ఎత్తులో తెల్లని వెంట్రుకల పాయలు. పూర్తిగా మంచు పలుకులే.

4. ఆల్టోక్యుములస్: గొర్రెల మంద మేస్తున్నట్టు చిన్న చిన్న ముద్దలు. చెయ్యి చాచి చూస్తే ఒక్కో ముద్ద ఒకటి నుంచి మూడు వేళ్ల వెడల్పు ఉంటుంది. చిటికెనవేలు కంటే చిన్నవైతే అది సిర్రోక్యుములస్.

5. స్ట్రాటస్: మనం మోడం అనేదానిలో ఎక్కువ భాగం ఇదే. ఆకారం లేని బూడిదరంగు పొర. తుంపర పడవచ్చు. ఇంకా మందంగా, నల్లగా ఉండి ఆగకుండా కురిసేది నింబోస్ట్రాటస్.

విమానం వెనక తెల్ల గీత కనిపిస్తే దాన్నీ తీయండి. అది పొగ కాదు. ఇంజన్ నుంచి వచ్చిన ఆవిరి గడ్డకట్టి ఏర్పడిన మబ్బు. వెంటనే మాయమైతే పైన గాలి పొడిగా ఉన్నట్టు, చాలాసేపు నిలిచి పరుచుకుంటే తేమ ఉన్నట్టు.

ఇంట్లో ఎలా చేయించాలి?

• రోజూ ఒకే చోటు నుంచి, ఒకే వైపు తీయాలి. ఫోటో అంచున ఒక గుట్టో, వాటర్ ట్యాంకో వచ్చేలా చూడండి. అప్పుడే ఒక రోజును ఇంకో రోజుతో పోల్చగలం.

• ఒక నోట్‌బుక్‌లో తేదీ, సమయం, ఏ దిక్కు, మబ్బు పేరు రాయాలి. పేరు తెలియకపోతే ఎలా ఉందో సొంత మాటల్లో రాస్తే చాలు. తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా మాకు సంతోషమే.

• ‘రేపు వాన వస్తుందా?’ అనే ప్రశ్నకు అవునో కాదో ముందే రాయాలి. మరుసటి రోజు టిక్కో, తప్పో పెట్టాలి.

• వారానికి ఒకసారి అవ్వకో, తాతకో ఫోటోలు చూపించి, వాళ్లు ఆ మబ్బును ఏమంటారో అడిగి రాయాలి.

• ఫిల్టర్లు వాడకూడదు, రంగులు మార్చకూడదు.

కొన్ని జాగ్రత్తలు

ఉరుము వినపడిందంటే ఫోటో ఆపి ఇంట్లోకి రావాలి. మిద్దె మీద, చెట్టు కింద, కరెంటు స్తంభం పక్కన ఉండకూడదు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అది ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఈ లెక్క ఇంటి లోపల కూర్చునే చేయాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా బయటికి పంపవద్దు. పిడుగు హెచ్చరికల కోసం పుణెలోని వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ మీ ఫోన్‌లో పెట్టుకోవచ్చు.

సూర్యుడి వైపు నేరుగా చూడకూడదు. ఏదైనా గోడ చాటున సూర్యుడు దాగేలా నిలబడి తీయాలి. పిట్టగోడ లేని మిద్దె మీదికి చిన్నపిల్లలను ఒంటరిగా పంపవద్దు, తల పైకెత్తి వెనక్కి నడుస్తారు. ఫోన్ మీదే కావాలి, ఐదు నిమిషాల తర్వాత మీ చేతికి రావాలి. ఫోటోలు బయటివాళ్లతో పంచుకుంటే పిల్లల ముఖాలు, ఇంటి నంబరు అందులో లేకుండా చూసుకోండి.

ఈ నెలాఖరులోగా ఒక్కో విద్యార్థి ఐదు ఫోటోలు, వాటి నోట్‌బుక్ పేజీ క్లాస్ టీచర్‌కు ఇవ్వవచ్చు. ఇది హోమ్‌వర్క్ కాదు, ఇవ్వకపోతే మార్కులు పోవు. వచ్చినవాటిని తేదీల వరుసలో గోడకు అంటించి, వచ్చే పేరెంట్స్ మీటింగ్ నాటికి రాయచోటి ఆకాశం ఒక నెలలో ఎలా మారిందో మీకు చూపిస్తాం. కువైట్ నుంచి, ఇంకెక్కడి నుంచైనా వచ్చిన ఫోటోలకు పక్కనే చోటు ఉంచుతాం. అవ్వాతాతలను కూడా ఆ రోజు తప్పకుండా తీసుకురండి. మేం పేరు రాయలేకపోయిన మబ్బులు కొన్ని ఉంటాయి, వాటిని వాళ్లనే అడుగుదాం.